ఇంట్లోనే పండ్ల పుల్ల ఐస్: పంచదార తగ్గించినా గట్టిపడకుండా చేసే పద్ధతి

మార్చి సగం దాటితే హైదరాబాద్‌లో ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఎండన పడి ఇంటికొచ్చిన పిల్లలు ముందు ఫ్రిజ్ తలుపే తీస్తారు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో పెద్దవాళ్లదీ అదే దారి. రంగు నీళ్లు, ఎసెన్సు, పంచదార కలిపిన ఐస్ కొనిపెట్టే బదులు ఇంట్లో పండ్లతో చేద్దామని చాలామంది మొదలుపెడతారు. రెండుసార్లు చేసి మానేస్తారు. జ్యూస్ తీసి, అచ్చుల్లో పోసి, ఫ్రీజర్‌లో పెడితే తయారయ్యేది పన్ను దిగని గడ్డ. పిల్లలు పైన ఉన్న రసం పీల్చేసి, మిగిలిన తెల్లటి ఐసును సింకులో పడేస్తారు. పంచదార రెట్టింపు చేస్తే మెత్తబడుతుంది గానీ, అప్పుడు బయట కొన్నదానికీ దీనికీ తేడా ఏముంది?

పంచదార పెంచకుండానే మెత్తగా, పండు రుచి చివరిదాకా నిలిచేలా చేయవచ్చు. పండ్ల రసంలోని నీళ్లను అదుపులో పెట్టడం తెలిస్తే చాలు.

నీళ్లు గడ్డకట్టేటప్పుడు ఏం జరుగుతుంది

పండ్ల రసాన్ని ఫ్రీజర్‌లో పెడితే ముందుగా అందులోని నీళ్లు మాత్రమే ఐసు పలుకులుగా మారతాయి. పంచదార, రంగు, పులుపు అన్నీ ఆ పలుకుల మధ్య సందుల్లోకి చేరతాయి. తీపి ఎక్కువగా ఉన్న ఆ పాకం మైనస్ 18 డిగ్రీల దగ్గర కూడా పూర్తిగా గడ్డకట్టదు. పన్ను దిగేలా చేసేది ఆ పాకమే. తీపి తక్కువైతే పాకం తక్కువ, ఐసు ఎక్కువ. అందుకే గట్టిదనం. పలుకులు పెద్దవైతే సందులు కూడా పెద్దవి, చప్పరించగానే పాకం జారి నోట్లోకి వచ్చేస్తుంది. చేతిలో మిగిలేది రంగూ రుచీ లేని ఐసు.

మిశ్రమం మొత్తంలో తీపి, అంటే పండులోదీ మనం కలిపిందీ కలిపి, 15 నుంచి 18 శాతం ఉంటే ఇంటి ఫ్రీజర్‌లో చక్కగా కుదురుతుంది. 10 శాతం లోపుంటే గట్టిపడుతుంది. 25 దాటితే రాత్రంతా పెట్టినా మరీ మెత్తగానే ఉంటుంది. అయితే గుజ్జు, పిండి, పెరుగు లాంటివి నీళ్లను పట్టి ఉంచుతాయి కాబట్టి, అవి ఉన్నచోట 12 శాతంతో కూడా పని జరుగుతుంది. పంచదార తగ్గించే వీలు అక్కడ దొరుకుతుంది.

పండ్లలో తీపి సుమారుగా ఇలా ఉంటుంది: పుచ్చకాయలో 6 నుంచి 7 శాతం, కర్బూజలో 7 నుంచి 8, లేత కొబ్బరి నీళ్లలో 4 నుంచి 5, మామిడిలో 14 నుంచి 16, నల్ల ద్రాక్షలో 15 నుంచి 17. కాయను బట్టి, పక్వాన్ని బట్టి ఇవి మారతాయి, కానీ లెక్కకు చాలు.

ఒక ఉదాహరణ. 450 మి.లీ. పుచ్చకాయ రసంలో తీపి 29 గ్రాములు మాత్రమే. దాన్ని 15 శాతానికి తేవాలంటే ఇంకో 45 గ్రాముల పంచదార పడుతుంది. అదే 300 మి.లీ. పుచ్చకాయ రసంలో 150 గ్రాముల నల్ల ద్రాక్ష గుజ్జు కలిపితే పండ్ల తీపే 43 గ్రాములు దాటుతుంది. ద్రాక్ష తొక్కల చిక్కదనం కూడా తోడవుతుంది కాబట్టి 15 గ్రాముల పంచదారతో సరిపోతుంది. ఆరు ఐసులకు పంచితే ఒక్కోదానికి రెండున్నర గ్రాములు. నీళ్ల పండుకు తీపి పండును జత చేయడమనే ఈ పద్ధతిని మిగతా రకాల్లోనూ వాడుకోవచ్చు.

ఆరోగ్యం మాట

బెల్లం వేస్తే మంచిది, తేనె వేస్తే ఇంకా మంచిది అని చెప్పడం మామూలైపోయింది. ఈ లెక్కలో రెండూ పంచదారే. బెల్లానికి రుచి వేరు, రంగు వేరు, ఖనిజాలు కొద్దిగా ఉంటాయి, అంతే. తేనె ఏడాది లోపు పిల్లలకు అసలు పెట్టకూడదు. ఖర్జూరం గుజ్జు కొంత నయం, పీచు ఉంటుంది, ఐసుకు చిక్కదనం కూడా ఇస్తుంది. కలిపిన తీపి పెద్దవాళ్లకు రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రసం తీసి వడకట్టిన పండులోని తీపి కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అందుకే వీలైనచోట వడకట్టకండి, పండును గుజ్జుగానే వాడండి.

పంచదార పూర్తిగా మానేసి, దాని బదులు వాడే కృత్రిమ తీపి బిళ్లలో చుక్కలో వేస్తే తీపి వస్తుంది గానీ ఐసు మెత్తబడదు. వాటి పరిమాణం మరీ తక్కువ కాబట్టి నీళ్ల మీద వాటి ప్రభావం ఉండదు. షుగర్ ఉన్నవాళ్లకు కింద చెప్పిన జొన్న అంబలి మజ్జిగ ఐస్ మేలు. దానిలోనూ పిండి పదార్థం కొంత ఉంటుందని గుర్తుంచుకుని ఒకటితో ఆపాలి.

అచ్చులు, పుల్లలు

ఆరు గళ్ల ప్లాస్టిక్ అచ్చులు అన్నిచోట్లా దొరుకుతాయి, ఒక్కో గడి 60 నుంచి 80 మి.లీ. పడుతుంది. కొనేముందు ఒక గడిలో నీళ్లు పోసి కొలిస్తే తర్వాత కొలతల్లో తికమక ఉండదు. సిలికాన్ అచ్చుల నుంచి ఐస్ తేలిగ్గా ఊడి వస్తుంది. కానీ అవి మెత్తగా వంగుతాయి కాబట్టి కింద గట్టి పళ్లెం పెట్టాలి, పైగా ప్లాస్టిక్ కంటే నెమ్మదిగా గడ్డకడతాయి. స్టీలు అచ్చులు అన్నిటికంటే త్వరగా చల్లబడతాయి. త్వరగా గడ్డకడితే పలుకులు సన్నగా వస్తాయి, ఐస్ నున్నగా ఉంటుంది. వెల ఎక్కువైనా ఏళ్లకేళ్లు ఉంటాయి. కొనే ఉద్దేశం లేకపోతే ఇంట్లోని చిన్న స్టీలు గ్లాసులు చాలు. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉన్నవి మాత్రం పనికిరావు, ఐస్ బయటికి రాదు.

చెక్క పుల్లలు బేగంబజార్‌లో గిన్నెలు, ప్లాస్టిక్ సామాను అమ్మే దుకాణాల్లో కట్టలుగా దొరుకుతాయి. ఆహారానికి వాడేవని అడిగి తీసుకోండి. చేతిపనుల కోసం అమ్మే రంగు పుల్లలు వద్దు, రంగు ఐసులోకి దిగుతుంది. వాడేముందు పుల్లలను అరగంట మంచినీళ్లలో నానబెట్టాలి. పొడి చెక్క తేలిక, మిశ్రమంలోంచి పైకి తేలుతుంది.

ఫ్రీజర్‌ను సిద్ధం చేయడం

అందరూ వదిలేసేది ఈ పనినే. సగం లోపాలు ఇక్కడే పుడతాయి.

రెండు తలుపుల ఫ్రిజ్‌లో ఫ్రీజర్ మైనస్ 18 దాకా వెళ్తుంది. చల్లగాలి వెనక గోడ నుంచి వస్తుంది కాబట్టి అచ్చులను వెనక్కి జరిపి పెట్టాలి, తలుపు పక్కన కాదు. ఒకే తలుపున్న ఫ్రిజ్‌లోని చిన్న గడి అంత చల్లగా ఉండదు. దానిలో చల్లదనమంతా అడుగునా పక్క గోడల్లోనూ ఉంటుంది, అచ్చు అడుగును నేరుగా తాకాలి. మంచు అర సెంటీమీటరు కంటే మందంగా పేరుకుంటే అది చల్లదనాన్ని అడ్డుకుంటుంది. ముందురోజే కరిగించి తుడిచేయండి. అచ్చులు పెట్టడానికి నాలుగు గంటల ముందు ఫ్రిజ్ లోపలి చలి మరను (థర్మోస్టాట్) బాగా తిప్పి చలి పెంచండి. ఇలాంటి ఫ్రిజ్‌లో 17, 18 శాతం తీపి ఉన్న మిశ్రమం సరిగా బిగియదు. 13, 14 దగ్గర ఆపడం మంచిది.

రాత్రి భోజనాలయ్యాక పెట్టడమే అన్నిటికంటే అనుకూలం. వంటిల్లు చల్లబడి ఉంటుంది, తలుపు తీసేవాళ్లు ఉండరు. మధ్యాహ్నం పెడితే పిల్లలు గంటకోసారి తెరిచి చూస్తారు. తెరిచిన ప్రతిసారీ పైపొర కాస్త కరిగి మళ్లీ గడ్డకడుతుంది, పలుకులు లావవుతాయి.

పని వరస

1. పండ్లను బాగా కడగాలి. మామిడి తొడిమ కోసి, సొన కారిపోయేలా అరగంట నీళ్లలో వేయాలి. ద్రాక్షను గుత్తి నుంచి విడదీసి రెండు మూడు నీళ్లలో కడగాలి. నీళ్లు కలపాల్సి వస్తే కాచి చల్లార్చినవో, ఫిల్టరువో వాడాలి. ఫ్రీజర్‌లో పెడితే క్రిములు చావవు, నిద్రాణంగా ఉంటాయి, కరగగానే లేస్తాయి.

2. మిక్సీ పట్టేటప్పుడు ఎక్కువసేపు తిప్పకండి. నురగలో గాలి చేరితే ఐస్ గుల్లగా వచ్చి విరిగిపోతుంది. పట్టాక పది నిమిషాలు అలా ఉంచి, పైకి తేలిన నురగను గరిటెతో తీసేయాలి.

3. రుచి చూడండి. తాగడానికి సరిపోయే తీపి కంటే ఒక పిసరు ఎక్కువుండాలి, చల్లటి నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది. చిటికెడు ఉప్పు, అర చెంచా నిమ్మరసం వేస్తే పంచదార పెంచకుండానే రుచి పైకి లేస్తుంది.

4. చెంచాడు మిశ్రమాన్ని స్టీలు పళ్లెంలో పలచగా పోసి ఫ్రీజర్‌లో 40 నిమిషాలు ఉంచండి. చెంచాతో గీస్తే పొడిపొడిగా లేచి నోట్లో కరిగితే కుదిరినట్టే. గీత కూడా పడకపోతే తీపో గుజ్జో పెంచాలి. జావగా ఉంటే పలచటి పండు రసం కలపాలి. ఈ పరీక్ష చేస్తే ఆరు ఐసులు పాడవడం తప్పుతుంది.

5. మిశ్రమాన్ని రెండు గంటలు ఫ్రిజ్‌లో చల్లబరచాలి. వేడిగా ఉన్నదాన్ని ఫ్రీజర్‌లో పెడితే అది నెమ్మదిగా గడ్డకడుతుంది, పక్కనున్న వాటినీ కరిగిస్తుంది.

6. అచ్చుల్లో అర సెంటీమీటరు ఖాళీ వదిలి పోయాలి. నీళ్లు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతాయి. నిండుగా పోస్తే మూతను తోసి పైకి పొంగుతుంది, తర్వాత ఊడదీయడం కష్టం. పోశాక అచ్చును రెండుసార్లు బల్ల మీద తట్టితే గాలి బుడగలు పోతాయి.

7. మూత ఉన్న అచ్చులకు పుల్ల వెంటనే పెట్టొచ్చు. గ్లాసులైతే గంటా గంటంపావు ఆగి, పైన జావలా చిక్కబడ్డాక పుల్లను నిటారుగా గుచ్చాలి. తొందరగా ఉంటే గ్లాసు మీద అల్యూమినియం రేకు బిగించి, మధ్యలో గాటు పెట్టి పుల్ల దూర్చండి. పుల్లలో మూడింట రెండు వంతులు లోపల ఉండాలి.

8. 70 మి.లీ. అచ్చుకు రెండు తలుపుల ఫ్రిజ్‌లో 5, 6 గంటలు, ఒకే తలుపు దానిలో 8 నుంచి 10 గంటలు పడుతుంది.

9. తీసేటప్పుడు అచ్చును మామూలు నీళ్లలో 10, 15 సెకన్లు ముంచాలి. స్టీలుకు 5 సెకన్లు చాలు. మే నెల మధ్యాహ్నం కుళాయి తిప్పితే ట్యాంకులోని నీళ్లు చేయి పెట్టలేనంత వేడిగా వస్తాయి, వాటిలో ముంచితే పైపొర కరిగి కారిపోతుంది. కుండ నీళ్లో, బిందెలో పట్టినవో వాడండి. పుల్లను గుంజకుండా కాస్త అటూ ఇటూ తిప్పి పైకి లాగాలి.

ఏ పండు, ఎప్పుడు

ద్రాక్ష ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చవక. పుచ్చకాయ, కర్బూజ మార్చి నుంచి మే దాకా వీధి వీధినా కుప్పలు పోసి ఉంటాయి. ముంజలు ఏప్రిల్, మే నెలల్లో. బంగినపల్లి ఏప్రిల్ నుంచి, హిమాయత్ మే చివరికి. వానలు పడగానే నేరేడు. రైతుబజార్లో బాగా మగ్గినవీ తొక్క మచ్చపడినవీ సాయంత్రం తక్కువకు ఇస్తారు, ఐసుకు అవే సరైనవి. కుళ్లు వాసన ఉండకూడదు, అంతే. నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి బాటసింగారం పండ్ల మార్కెట్ నుంచి ఒక పెట్టె తెచ్చుకుని, గుజ్జు తీసి 300 గ్రాముల చొప్పున కవర్లలో గడ్డకట్టిస్తే జూలై దాకా మామిడి ఐస్ చేసుకోవచ్చు. మామిడి కొనేటప్పుడు మాత్రం ముక్కు దగ్గర పెట్టుకోండి. పైన పసుపు నిగనిగలాడుతూ తొడిమ దగ్గర వాసన లేకపోతే, కోసి చూస్తే లోపల పచ్చిగా ఉంటే, అది బలవంతంగా మగ్గబెట్టినది. కాల్షియం కార్బైడ్‌తో మగ్గబెట్టడం చట్టప్రకారం నిషేధం. రుచి పరంగానూ దానితో ఐస్ బాగుండదు, లోపల తీపి పుట్టి ఉండదు.

ఇక రకాలు. కింది కొలతలన్నీ 70 మి.లీ. గడులు ఆరింటికి.

మామిడి పెరుగు ఐస్

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీనితోనే మొదలుపెట్టండి, దాదాపు చెడదు. మామిడిలో తీపి ఉంది, గుజ్జు ఉంది. పెరుగులోని మాంసకృత్తులు, కొవ్వు మిగతా నీళ్లను పట్టుకుంటాయి.

పావుకిలో కమ్మటి పెరుగును పలచటి బట్టలో కట్టి, జల్లెడ మీద పెట్టి, కింద గిన్నె ఉంచి రెండు గంటలు ఫ్రిజ్‌లో వదలాలి. బయట వేలాడదీస్తే ఈ ఎండలకు గంటలో పులుస్తుంది. నీరు దిగాక 100 గ్రాముల పైన మిగులుతుంది. రెండు మధ్యస్థం బంగినపల్లి పండ్ల గుజ్జు 300 గ్రాములు, ఈ పెరుగు 100 గ్రాములు, పంచదార 20 గ్రాములు, అర చెంచా నిమ్మరసం, చిటికెడు ఉప్పు. ముందు గుజ్జు, పంచదార మిక్సీ పట్టి, పెరుగును చివర్లో చేత్తో కలపాలి. పెరుగును మిక్సీలో ఎక్కువ తిప్పితే పలచబడుతుంది. మొత్తం తీపి 16 శాతం దాకా వస్తుంది. పండు బాగా తీయనిదైతే పంచదార సగం చేయండి. హిమాయత్ అయితే పూర్తిగా మానేయొచ్చు.

పెద్ద రసాలు, చిన్న రసాలు వాడితే గుజ్జును జల్లెడలో వేసి చేత్తో రుద్ది పీచు తీసేయాలి. లేకపోతే కొరికినప్పుడు పీచు పళ్ల సందుల్లో ఇరుక్కుంటుంది. రసాలు పలచన కాబట్టి పెరుగు 130 గ్రాములు వేయాలి.

బట్టలోంచి దిగిన నీటిని పారబోయకండి, చపాతీ పిండి కలుపుకోవచ్చు.

పుచ్చకాయ, నల్ల ద్రాక్ష, సబ్జా

ఒక చెంచా సబ్జా గింజలను 60 మి.లీ. నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టాలి. గింజ చుట్టూ ఊరే జిగురు నీళ్లను పట్టి ఉంచుతుంది, పలుకులు పెరగకుండా చూస్తుంది. గింజలు తీసిన పుచ్చకాయ గుజ్జు 240 మి.లీ., తొక్కతో పట్టిన నల్ల ద్రాక్ష గుజ్జు 150 గ్రాములు, పంచదార 15 గ్రాములు, నిమ్మరసం ఒక చెంచా, చిటికెడు నల్ల ఉప్పు. గింజలున్న ద్రాక్ష అయితే ముందు గింజలు తీయాలి, మిక్సీలో నలిగితే చేదు దిగుతుంది. వడకట్టొద్దు. అందం కోసం ద్రాక్షపండ్లు వేయాలనుకుంటే నిలువుగా నాలుగు ముక్కలు కోయండి. చిన్న పిల్లలకు గుండ్రటి ద్రాక్ష గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది.

సబ్జా నేరుగా అచ్చులో పోస్తే అడుక్కి దిగిపోతుంది. పోసిన గంటకు, జావలా అయ్యాక సన్నటి పుల్లతో ఒకసారి కలిపితే అంతటా నిలుస్తుంది.

కర్బూజకూ ఇదే కొలత, ద్రాక్ష బదులు బాగా పండిన అరటిపండు ఒకటి.

ముంజలు, లేత కొబ్బరి

ముంజలు లేతవి కావాలి, వేలితో నొక్కితే లోపల నీళ్లు కదలాలి. ముదురువి గడ్డకట్టాక రబ్బరులా సాగుతాయి. ఐదారు ముంజల పొట్టు తీసి, లోపలి నీళ్లు పోకుండా గిన్నెలో పట్టుకుంటూ చిన్న ముక్కలు కోయాలి. ఒక కొబ్బరి బోండాం నీళ్లు 220 మి.లీ., దానిలోని మీగడలాంటి లేత కొబ్బరి 80 నుంచి 100 గ్రాములు, పంచదార 30 గ్రాములు, యాలకుల పొడి కొద్దిగా. కొబ్బరి, నీళ్లు, పంచదార మెత్తగా మిక్సీ పట్టి ముంజల నీళ్లు కలపాలి. అచ్చుల్లో ముందు ముక్కలు వేసి పైన ఇది పోయాలి. కొబ్బరిలో మీగడ లేకుండా వట్టి నీళ్లతో చేస్తే పనికిరాదు. బోండాలు కొట్టే అతన్ని మీగడ ఉన్న కాయ ఇమ్మని అడిగితే కాయను తట్టి చూసి ఇస్తాడు.

కొబ్బరి నీళ్లు బోండాం కొట్టిన గంటలోపు వాడేయండి, తర్వాత రుచి మారుతుంది.

రాగి పాల ఐస్

ఎదిగే పిల్లలకు నా ఓటు దీనికే. పాలు, రాగి రెండింటిలోనూ కాల్షియం ఉంది. ఉడికిన పిండి నీళ్లను బంధించేస్తుంది కాబట్టి మీగడ లేకుండానే కమ్మగా వస్తుంది.

100 మి.లీ. చల్లటి పాలలో 20 గ్రాముల రాగిపిండి ఉండలు లేకుండా కలపాలి. 400 మి.లీ. పాలు మరిగాక దీన్ని సన్నని ధారగా పోస్తూ, సన్నటి మంట మీద ఆరేడు నిమిషాలు గరిటె ఆపకుండా కలపాలి. పచ్చివాసన పోయి గరిటెకు పలచగా అంటుకునేంత చిక్కబడితే దించేయాలి. 50 గ్రాముల బెల్లాన్ని రెండు చెంచాల నీళ్లలో కరిగించి వడకట్టి, పాలు వేలు పెట్టగలిగేంత గోరువెచ్చగా అయ్యాక కలపాలి. మరిగే పాలలో బెల్లం వేస్తే విరిగిపోవచ్చు. యాలకుల పొడి, కావాలంటే వేయించి దంచిన బాదం. చల్లారేటప్పుడు మధ్యమధ్యలో కలిపితే మీగడ కట్టదు.

పిండి బదులు 15 గ్రాముల సేమ్యాను నేతిలో వేయించి పాలలో ఉడికిస్తే బండి మీద అమ్మే సేమ్యా ఐస్ లాంటిది ఇంట్లోనే వస్తుంది. సేమ్యా బరువుకు అడుక్కి చేరి, ఐస్ బయటికి తీశాక కొసన కనిపిస్తుంది. ఆ మొదటి కొరుకుడు కోసమే చాలామంది దాన్ని ఇష్టపడతారు.

జొన్న అంబలి మజ్జిగ ఐస్

పంచదార అసలు లేని రకం. మజ్జిగను మాత్రమే గడ్డకట్టిస్తే బండబారుతుంది. అంబలి కలిపితే ఆ బాధ తీరుతుంది.

రెండు టేబుల్ స్పూన్ల జొన్నపిండిని 50 మి.లీ. చల్లటి నీళ్లలో కలిపి, మరుగుతున్న 200 మి.లీ. నీళ్లలో పోసి ఏడెనిమిది నిమిషాలు ఉడికించాలి. పూర్తిగా చల్లారాక 200 గ్రాముల పులవని పెరుగు, అర చెంచాకు కాస్త తక్కువ ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, తురిమిన అల్లం, సన్నగా తరిగిన కొత్తిమీర, కరివేపాకు కలిపి చిలకాలి. పచ్చిమిర్చి వేసేదుంటే గింజలు తీసి వేయండి. ఉల్లిపాయ వద్దు, ఫ్రీజర్‌లో మిగతా వాటికీ వాసన పడుతుంది. తినేముందు మూడు నాలుగు నిమిషాలు బయట ఉంచాలి.

పచ్చి మామిడికాయతో కూడా చేయవచ్చు. ఉడికించిన గుజ్జు 150 గ్రాములు, నీళ్లు 220, బెల్లం 70, జీలకర్ర పొడి, నల్ల ఉప్పు. పుల్లటి కాయ కాబట్టి తీపి ఎక్కువ పడుతుంది, రోజూ చేసుకునేది కాదు.

చెడితే ఎందుకు చెడింది

అనాసపండో, బొప్పాయో పాలలో, పెరుగులో కలిపి చేస్తే చేదు వస్తుంది. ఆ పండ్లలోని ఎంజైములు పాల మాంసకృత్తులను విరగ్గొడతాయి. అనాస ముక్కలను ఐదు నిమిషాలు ఉడకనిచ్చి చల్లార్చి వాడితే ఆ గుణం పోతుంది. ఉడికించడం ఇష్టం లేకపోతే పాలు లేకుండా చేయండి. నిమ్మ, బత్తాయి రసాలను కూడా పాలలో కలపొద్దు, విరుగుతాయి.

పుల్ల ఊడి చేతికొస్తే లోపల ఇంకా గడ్డకట్టలేదని అర్థం. పైన గట్టిపడ్డా మధ్యభాగం చివరికి గానీ బిగియదు, ఇంకో రెండు గంటలు ఉంచండి. పూర్తిగా గడ్డకట్టాక కూడా ఊడుతుంటే పుల్లను నానబెట్టలేదు, లేదా తక్కువ లోతుకు గుచ్చారు.

కొరికితే ఐస్ పెళ్లలుగా రాలుతుంటే నురగ ఎక్కువైంది, లేదా పొరలు పొరలుగా పోసేటప్పుడు కింది పొర మరీ గట్టిపడ్డాక పై పొర పోశారు. రెండు రంగులు కావాలంటే కింది పొర 45 నిమిషాల నుంచి గంటలో, వేలితో తాకితే అంటుకునే దశలో ఉన్నప్పుడే రెండోది పోయాలి. రెండోది బాగా చల్లగా ఉండాలి.

పైన తెల్లటి మంచు నూగు పట్టిందంటే గాలి తగిలింది. మసాలా, చేపల వాసన పట్టడానికీ అదే కారణం, పాల ఐసులకు త్వరగా పడుతుంది.

నిల్వ

గడ్డకట్టాక అచ్చులోనే వదిలేయకండి. ఒక్కోదాన్నీ తీసి బటర్ పేపర్లో చుట్టి, జిప్ కవర్లో గాలి నొక్కేసి పెట్టి, పైన తేదీ రాయాలి. పండ్ల ఐస్ రెండు వారాలు, పాలవి పది రోజులు రుచిగా ఉంటాయి. మంచు దానంతటదే కరిగిపోయే ఫ్రిజ్‌లలో లోపలి వేడి పెరిగి తగ్గుతుంటుంది కాబట్టి పలుకులు లావై గరుకు వస్తుంది, వాటిలో ఇంకాస్త ముందే తినేయడం మంచిది.

కరెంటు పోతే తలుపు తీయకండి. మూసి ఉంచిన ఫ్రీజర్‌లో రెండు మూడు గంటలకు పెద్దగా ఏమీ కాదు. పూర్తిగా కరిగినా చల్లగానే ఉన్న పండ్ల ఐసును రసంలా తాగేయొచ్చు. పాలు, పెరుగు ఉన్నవి ఎండాకాలం వేడిలో గంటకు మించి కరిగి ఉంటే పారబోయాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు.

వడదెబ్బకు పుల్ల ఐస్ మందు కాదు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, స్పృహ తప్పుతున్న మనిషిని నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇంటి నుంచి పార్కుకో, చుట్టాలింటికో తీసుకెళ్లాలంటే మామూలు ఐసు ముక్కల మధ్య పెట్టినా లాభం లేదు. కరుగుతున్న ఐసు 0 డిగ్రీల దగ్గర ఉంటుంది, మన పుల్ల ఐస్ సున్నాకు కిందనే కరగడం మొదలుపెడుతుంది. కిలో ఐసుకు 300 గ్రాముల రాళ్ల ఉప్పు కలిపితే చలి సున్నాకు బాగా కిందికి దిగుతుంది. పుల్ల ఐసులను మూత గట్టిగా ఉన్న స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, డబ్బాను ఆ ఉప్పు ఐసు మధ్యలో దింపి, మొత్తాన్ని థర్మోకోల్ పెట్టెలో మూయాలి. ఉప్పునీరు డబ్బాలోకి పోకుండా మూత చుట్టూ ప్లాస్టిక్ కవరు బిగించండి. ఇలా పెడితే గంటన్నర ప్రయాణానికి ఢోకా ఉండదు.